ఏడవని మీటరు

దసరా

గాలి చూసేవాళ్ళు షిఫ్టుకు మూడంకెలు రాస్తే చాలంటారు. గ్యాసు ఎంత, ఆక్సిజన్ ఎంత, విషపు గాలి ఎంత. నా ముందు ఈ పని చేసిన ఆయన అలాగే రాసి, అలాగే ముసలివాడై, అలాగే పోయాడు. నాకు మూడంకెల్లో మాట్లాడటం రాదు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఈ పని వాళ్ళే చేసుకోవచ్చు, నేనేం అడ్డం పడను.

ఇవాళ ఆయుధపూజ. పైన బతికిన రోజుల్లో బండ్లకూ కొడవళ్ళకూ చేసేవారట. ఎండకు ఓడిపోయి ఈ పాత బొగ్గుగనిలోకి దిగాక మాకు మిగిలిన ఆయుధం ఒక్కటే, అరచేతిలో పట్టేంత గ్యాస్ మీటరు. ఊళ్ళో ఉన్న మీటర్లన్నీ గాలి గుమ్మం దగ్గర పీట మీద వరసగా పెట్టాం. పై నుంచి మంచి గాలి దిగేది అక్కడే కాబట్టి ఊరికి గుడీ, కచేరీ అన్నీ అదే.

మా చెల్లెలు జలజ భర్త ఓదేలు స్టోరు చూస్తాడు. చలికాలం మొదట్లో పొద్దుగూకాక పైకి వెళ్ళి పాత సామాను ఏరుకొస్తాడు. ఈసారి ఒక అట్టపెట్టె నిండా స్ప్రే డబ్బాలు తెచ్చాడు. వెనకటికి కార్ల లోపల మెరుపు కోసం కొట్టేవారట.

"జెర ఆగు వదినె, నీ మీటరు ఇటియ్యి," అని దాని మీద ఒక్కసారి కొట్టి గుడ్డతో తుడిచాడు.

గీతలు పడి, మసిబారిన ఆ డొక్కు మీటరు అప్పుడే కొన్నట్టు తళతళలాడింది. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది. అందరూ మీద పడి తమవీ కొట్టించుకున్నారు. తర్వాత పసుపు, కుంకుమ, ఒక్కో బంతిపువ్వు.

పీట మీద పెట్టనిది జలజ మీటరు ఒక్కటే. దసరాకు ముందురోజే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పురిటి మనిషి వస్తువు పూజలో పెట్టరు. అది ఆమె గదిలోనే, చిలక్కొయ్యకు, గుడ్డలో మూటగట్టి ఉంది. జలజ కూడా నాలాగే గాలి చూసే మనిషి, కడుపు బరువయ్యేదాకా నాతోపాటు తిరిగింది. పూజ ముచ్చట చెబుదామని వెళ్తే లోపలి నుంచే విరుచుకుపడింది.

"పిల్లను కన్నది నేను. నా మీటరేం పాపం జేసిందే అక్కా?"

ఊరి పెద్ద నర్సింగం మామను అడగమన్నాను.

ఆయన పూజ కాగానే రెండు మాటలు చెప్పాడు. కొత్తగా తవ్విన ఏడో వీధిని దీపావళికి తెరుస్తారు, ప్రతి గడపలో నూనె దీపం వెలిగిస్తారు. ఊరు మొత్తానికి ఉన్న ఒక్క అగ్గిపెట్టె ఆయన రొంటిన ఉంటుంది, ఆ రోజు బయటికి తీస్తాడు. రెండోది అందరికీ తెలిసినదే, అయినా ప్రతి ఏడూ చెబుతాడు. దీపావళి దాకా మీటర్లను ఏడిపించొద్దు.

మామూలు రోజుల్లో షిఫ్టు మొదలవగానే డబ్బాలోంచి కాస్త పరీక్ష గ్యాసు చూపిస్తాం. మీటరు ఏడవాలి. ఏడిస్తేనే దాన్ని నమ్మి లోపలికి తీసుకెళ్తాం. పూజ చేసినదాన్ని ఊరికే ఏడిపిస్తే ఆ ఏడుపు ఊరికి చుట్టుకుంటుందని ఇక్కడివాళ్ళ భయం. మామ ఆ డబ్బాను తాళం వేసి పెడతాడు. ప్రతి ఏడూ గొణుగుతాను, ప్రతి ఏడూ ఊరుకుంటాను.

మరునాడు

అంతటా సున్నా.

గాలి గుమ్మం దగ్గర మీటరు ఆన్ చేసి, అది వేడెక్కి కుదురుకునేదాకా నిలబడి, అప్పుడు కదిలాను. అక్కడే ఎందుకు ఆన్ చేస్తామంటే, అది మొదట చూసిన గాలినే మంచి గాలి అనుకుంటుంది. చెడ్డ చోట ఆన్ చేస్తే ఆ చెడ్డనే సున్నా చేసుకుని కూర్చుంటుంది. ఇది నేర్పడానికి ఓదేలుతో ఎన్నిసార్లు కొట్లాడానో లెక్కలేదు. ఇవాళ మళ్ళీ తన మీటరును చొక్కా లోపల పెట్టుకుని తిరుగుతున్నాడు, మెరుపు పోతుందట.

"అంగి లోపట వెట్టుకుంటె అది నీ చెమట సంగతి జెప్తది, గాలి సంగతి జెప్పది," అన్నాను.

"నువ్వు దిట్టకుంటె నాకు పండుగ అయినట్టే అనిపియ్యదు వదినె," అని నవ్వాడు.

మీటరు గొట్టాన్ని కర్రకు కట్టి ముందు కప్పు దగ్గర చూస్తాను, తర్వాత ఛాతీ ఎత్తున, చివర నేల మీద. మా గనిలో ఊరే గ్యాసు తేలిక, కప్పుకు అంటుకుని ఉంటుంది. గొట్టంలోంచి గాలి మీటరు దాకా రావడానికి కాసేపు పడుతుంది, అందాకా కదలకూడదు. అంకె పదికి చేరితే మీటరు ఏడుస్తుంది. వందకు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, వీధి వీధంతా లేచిపోతుంది.

నాలుగో వీధి మూల మీద బండ పగులు ఒకటి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అక్కడ రెండో మూడో చూపిస్తూనే ఉంటుంది. మేము దాన్ని ముసల్దాని దగ్గు అంటాం. ఇవాళ అక్కడా సున్నా. అమ్మవారి దయ అని ఆడవాళ్ళు పగులుకు బొట్టు పెట్టారు. నేనూ సంతోషించాలి కదా. ఎందుకో నచ్చలేదు.

సోమవారం

ఏడో వీధి మొత్తం చూశాను. గ్యాసు సున్నా. కొత్తగా తవ్విన చోట బొగ్గు కొన్నాళ్ళు గ్యాసు వదులుతుంది, ఎక్కడైనా అంతే. ఇక్కడ చుక్క కూడా లేదు.

ఇంకో సంగతి. ఆక్సిజన్ నేల మీద 20.9 ఉంది, అది సరిగ్గా ఉండాల్సినంత. కప్పు దగ్గర 20.7 ఉంది. మీటరు ఏడవాలంటే అది 19.5 కన్నా దిగాలి కాబట్టి ఏమీ అనలేదు. నేను మాత్రం కర్ర పట్టుకుని మెడ నొప్పెట్టేదాకా అలాగే నిలబడ్డాను. గ్లాసులో నీళ్ళు తగ్గి గ్లాసు మాత్రం నిండుగానే ఉంటే, అందులో ఇంకేదో చేరినట్టే కదా.

నర్సింగం మామతో చెప్పాను.

"కొత్త సున్నం వెట్టిన్రు బిడ్డా, పచ్చిగున్నది. దాని ఆవిరి గావొచ్చు," అన్నాడు.

కావచ్చు. కాకపోనూ వచ్చు.

శుక్రవారం

జలజను చూడ్డానికి వెళ్ళాను. పూజ చేసిన మీటరును పురిటి ఇంట్లోకి తేకూడదు కాబట్టి వీధి మొగదలే మేకుకు తగిలించి వెళ్ళాను. ఆమె గది నాలుగో వీధి చివర, ఆ మూల దాటగానే. ఒక్క గదిలో రెండు కుటుంబాలు ఉండేవి, పురుడని ఆ రెండో కుటుంబం పక్కకు జరిగింది. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా కొలిమిలా ఉంది. పిల్ల ఒంటి నిండా చెమటకాయలు. మెడ కింద చర్మం ఎర్రగా కమిలిపోయింది.

"ఇరవై ఒకటోనాడు తొట్టెల గూడ ఏడో వీధిలనే ఏస్త అక్కా," అంది జలజ. "ఆడ గోడలు సల్లగున్నయట గదా. దీనికి నిద్రన్న వడ్తది. నిన్న రాత్రి ఊపిరి ఎగవోసుకుంట పన్నది, నాకైతె పానం పానంల లేదు."

నేను గడప బయటే నిలబడి ఉన్నాను. ఏడో వీధికి గాలి బాగుందని చెప్పాల్సింది నేనే. నేను సరేనంటేనే మామ దీపాలు పెట్టిస్తాడు, కాదంటే ఈ పిల్ల ఈ కొలిమిలోనే ఉంటుంది.

"మీటరేమంటున్నది?" అని అడిగింది.

"సున్నా అంటున్నది."

"మూల కాడ గూడ?"

"ఆడ గూడ సున్నానే."

జలజ పిల్లకు విసరడం ఆపి నా వైపు చూసింది. మళ్ళీ విసరసాగింది.

బుధవారం

ఏడో వీధి కప్పు దగ్గర ఆక్సిజన్ 20.5. గ్యాసు సున్నా.

ఓదేలు మీటరు లాక్కుని చూశాను, అదీ అదే చెప్పింది. ఇంకొకరిది అడిగి తీసుకున్నాను, అదీ అంతే. అన్నీ ఒకే మాట అంటున్నాయి కదా అని నన్ను చూసి నవ్వారు. అన్నీ ఒకే మాట అంటున్నాయి కాబట్టే నాకు చెమటలు పడుతున్నాయని ఎవరికి చెప్పను.

నర్సింగం మామ దగ్గరికి వెళ్ళాను. "మామా, పరీక్ష డబ్బా ఇయ్యి. ఒక్కపారి సూపిస్త."

"పండుగ దాటనియ్యి."

"గాలికి పండుగేంది మామా? ఏడో వీధికి నా మాట మీద పిల్లాజెల్లా దిగుతరు. మీటరు పని జేస్తున్నదో లేదో సూడకుండ నేనెట్ల జెప్పాలె?"

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. పక్కన కూర్చోమని చెయ్యి చూపించాడు.

"నేను పడుసోన్ని ఉన్నప్పుడు గిట్లనే ఒకామె దసరా ఎల్లంగనే మీటరును ఏడిపిచ్చింది. గా వారమే మూడో వీధి కప్పు కూలింది. మీ అత్త ఆడ్నే వోయింది. రెండిటికీ సంబంధం లేదని నువ్వంటవు. నాకూ ఎర్కే. గానీ గా సప్పుడు నా చెవులకెల్లి వోతలేదు బిడ్డా. పండుగ దాటంగనే నేనే తెచ్చిస్త."

చచ్చిపోయిన మనిషిని ముందు పెడితే ఎవరు మాత్రం ఏం వాదిస్తారు. లేచి వచ్చేశాను. ముసలాయన మీద జాలీ ఉంది, కోపమూ ఉంది. ఇవాళ కోపమే ఎక్కువగా ఉంది.

దీపావళి, పొద్దున

కప్పు దగ్గర 20.3. గ్యాసు సున్నా.

ఏడో వీధికి వెళ్ళే కుటుంబాలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని దిగిపోయాయి. ప్రమిదలు, ఒత్తులు, నూనె అన్నీ సిద్ధం. ఓదేలు రాత్రే తొట్టెల కట్టి వచ్చాడట. గాలి బాగుందని నేను ఇంకా చెప్పలేదు, బాగాలేదనడానికి నా దగ్గర అంకె లేదు. మామ అగ్గిపెట్టెతో బయలుదేరుతుంటే, జలజను తీసుకొస్తా, అందాకా ఆగమని చెప్పి ఇటు వచ్చాను.

జలజ పురిటి స్నానం అయింది, అంటు తీరింది. ఈసారి మీటరుతోనే గడప ఎక్కాను. పిల్లను గుడ్డలో చుడుతున్నది కాస్తా చేతులు ఆపేసింది.

"గదేంది అక్కా, మీటరు గంత మెరుస్తున్నది?"

"నీ మొగడే. పూజ నాడు ఏదో స్ప్రే గొట్టిండు. అందరియి గట్లనే ఉన్నయి."

జలజ మీటరును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "గిది పాలిష్ అక్కా," అంది. మా ఇద్దరికీ పని నేర్పిన పెద్దమ్మ మొదటి వారంలో ఒక మాట చెప్పింది, నేను మరిచిపోయాను, జలజ మరవలేదు. మీటరు దగ్గరికి పాలిష్ రానీయొద్దు. మెరిసే నూనెలు, క్రీములు ఏవీ రానీయొద్దు. వాటిలోని సిలికాన్ పోయి గ్యాసును పసిగట్టే పూస మీద పొరలా పట్టేస్తుంది. ఆక్సిజన్ చూసే భాగానికి ఏమీ కాదు. గ్యాసు చూసే భాగం మాత్రం చచ్చిపోతుంది. చచ్చిపోయిన దానికి తెలిసింది ఒక్కటే అంకె, సున్నా.

మా తరంలో ఈ ఊళ్ళో పాలిష్ అనేదే లేదు. లేని వస్తువుతో జాగ్రత్త ఎవరికి గుర్తుంటుంది.

చిలక్కొయ్యకున్న మూట విప్పి తన మీటరు నా చేతిలో పెట్టింది. దానికి పసుపూ లేదు, మెరుపూ లేదు. పిల్ల పడుకున్నప్పుడు ఊసుపోక చార్జింగు పెట్టేదట.

"ఈడ ఆన్ జెయ్యకు," అంది. "గాలి గుమ్మం కాడ జెయ్యి."

నిజమే. పద్ధతి అదే. ఆ పద్ధతి ప్రకారమే నేను పరుగెత్తాను, ఆమెనూ పిల్లనూ ఆ గదిలోనే వదిలేసి.

గాలి గుమ్మం దగ్గర ఆన్ చేశాను. అది కుదురుకునేదాకా కాళ్ళు నిలవలేదు. నర్సింగం మామ అక్కడే ఉన్నాడు. రెండు మీటర్లూ ఆయన ముందు పెట్టి పాలిష్ సంగతి చెప్పాను. ఆయన తాళం తీసి పరీక్ష డబ్బా తనే తెచ్చాడు.

ముందు నా మీటరుకు చూపించాడు. డబ్బా బుస్సుమంది. సున్నా. పండుగకని మళ్ళీ పీట మీద పెట్టిన మిగిలిన వాటికి వరసగా చూపిస్తూ పోయాడు. కుంకుమ బొట్లు పెట్టుకుని, తళతళలాడుతూ, అన్నీ నోరు మూసుకుని కూర్చున్నాయి. చివరికి జలజ మీటరు ముందు పట్టాడు. అది గుక్కపట్టి ఏడ్చింది.

ఆయన రొంటి నుంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు.

"ఉరుకు బిడ్డా," అన్నాడు.

దీపావళి, గాలి గుమ్మం దగ్గర

ఏడో వీధి మొగదలే ఆగి కర్ర పైకెత్తాను. గాలి గొట్టం దాటి వచ్చేదాకా నిలబడ్డాను. పది దాటింది, మీటరు ఏడవడం మొదలుపెట్టింది. ముప్ఫై. యాభై. అరవై దగ్గర కాస్త తటపటాయించి మళ్ళీ ఎక్కింది. పండుగనాడు ఏడిపిస్తావా అని ఒకామె తిట్టబోయి, నా ముఖం చూసి ఊరుకుంది. దేన్నీ ముట్టుకోకండి, స్విచ్చు వేయొద్దు, ఉన్న లైటు ఆర్పొద్దు, గిన్నె గూడ కింద పడేయొద్దు, వంగి నడవండి అన్నాను. నూనె పోసిన ప్రమిదలు గడపల్లోనే ఉండిపోయాయి. లోపల జలజ పిల్లకు కట్టిన కొత్త ఉయ్యాల కప్పుకు వేలాడుతోంది.

జనాన్ని పైకి నడిపించుకుని వస్తుంటే మీటరు ఊరుకోవాలి. ఆరో వీధిలో తగ్గింది, ఐదో వీధిలో ఊరుకుంది. నాలుగో వీధి మూల దగ్గరికి రాగానే మళ్ళీ ఏడుపు అందుకుంది. ముసల్దాని దగ్గు దగ్గర పద్నాలుగు. కర్రను ముందుకు చాపాను. ఇరవై రెండు. ఇంకాస్త చాపితే అది జలజ గడప.

ఆ గదిలో గాలి ఎవరూ చూడలేదు. పురుడని పిల్ల పుట్టిన రోజు నుంచీ ఎవరూ లోపలికి మీటరు తేలేదు. పొద్దున తెచ్చిన నా గుడ్డి మీటరు సున్నా అంది.

గడపలో నిలబడి కప్పు దగ్గర చూశాను. ముప్ఫై ఎనిమిది. ఫ్యాను తిరుగుతోంది. జనం సందడి విని బయటికి రాబోతూ జలజ ఫ్యాను ఆపడానికి స్విచ్చు మీద వేలు పెట్టింది.

"ముట్టకు," అన్నాను. అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి నొక్కేస్తుందని భయం. "చెయ్యి మెల్లగ తియ్యి. పిల్లను కిందికి వట్టుకో. వంగి రా."

వచ్చింది. ఆమె చెయ్యి నేను పట్టుకున్నానో, నా చెయ్యి ఆమె పట్టుకుందో తెలియదు.

ఇప్పుడు ఊరంతా ఇక్కడే ఉంది. ఊరికి గాలి తోసే పెద్ద ఫ్యాను మోటారు నాలుగో వీధిలోనే ఉంది. అది తిరిగితే నిప్పురవ్వ, ఆగితే గాలి లేదు. నర్సింగం మామ ఇక్కడే పైకి వెళ్ళే మెట్ల దగ్గరున్న మెయిను స్విచ్చు దగ్గరికి వెళ్ళి ఊరి కరెంటు మొత్తం తీసేశాడు. ఎవరినీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఓదేలు ఒక మూలన తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి నేను తిట్టలేదు.

పైకి పోదామంటే పైన ఎండ. పొద్దుగూకేదాకా ఎక్కలేం. ఊరు మొత్తానికి ఒక్క మీటరు. జలజ ఒడిలో పిల్ల ఉంది, పిల్ల పక్కన మీటరు ఉంది. ఇక్కడ ఊపిరి బాగా ఆడుతోందేమో, పుట్టాక మొదటిసారి అది హాయిగా నిద్రపోయింది. మధ్యమధ్య కదిలి కుయ్యిమంటే, అందరూ ఒక్కసారిగా మీటరు వైపు చూస్తున్నారు.

రాయడానికి ఇక మాటలు లేవు. ఇకనుంచి మూడంకెలే రాస్తాను.

గ్యాసు 0. ఆక్సిజన్ 20.9. విషపు గాలి 0.

గ్యాసు 1. ఆక్సిజన్ 20.9. విషపు గాలి 0.

గ్యాసు 3. ఆక్సిజన్ 20.9. విషపు గాలి 0. మెట్ల మీద ఎండ ఇంకా ఉంది.

గ్యాసు 6. ఆక్సిజన్ 20.8. విషపు గాలి 0. ఎండ ఇంకా ఉంది.

గ్యాసు 10. మీటరు ఏడ్చింది. ఎవరూ తిట్టలేదు. పిల్ల తల మీద తడిగుడ్డ కప్పి, ఎండలోకి మెట్లెక్కడం మొదలుపెట్టాం.